ఆకురాయి పక్కన పెట్టండి: పాత గిటార్ల మీద మీ ప్రశ్నలు

పోయిన సంచికలో కొత్త గిటార్ కొనేటప్పుడు ఏం చూసుకోవాలో రాస్తే, పాత గిటార్లు ఉన్నవాళ్లంతా "మరి మా సంగతేంటి" అని పట్టుకున్నారు. సరే, ఈసారి శీర్షిక మొత్తం వాళ్లకే, అదీ స్టీల్ తీగల అకౌస్టిక్ వరకే. ఎలక్ట్రిక్ వాళ్లు కాస్త ఓపిక పట్టండి.

ప్రశ్న: నమస్తే సార్. మా మేనమామ పోయాక ఆయన గిటార్ అత్తయ్య నాకు ఇచ్చేసింది. స్టీల్ తీగలది, చేత్తో చేసినది అని మావయ్య ఎప్పుడూ చెప్పేవాడు. తల మీద కంపెనీ పేరేం లేదు, లోపల లేబుల్ సగం చిరిగిపోయింది. సమస్య ఏంటంటే తీగలు ఫ్రెట్‌బోర్డ్‌కి చాలా ఎత్తులో ఉన్నాయి, మొదటి మూడు ఫ్రెట్ల దాకా ఎలాగో నొక్కేస్తున్నా, ఏడు దాటితే వేళ్లు కోసుకుపోతున్నాయి. తెలిసిన రిపేర్ అతనికి చూపిస్తే "బ్రిడ్జ్ చెక్కని కాస్త అరగదీసి, పైన పాలిష్ కొట్టి కొత్తదానిలా చేసిస్తా" అన్నాడు. ఇచ్చేయనా?

జవాబు: ఇవ్వకండి. ఇచ్చేసి ఉంటే ఇప్పుడే వెళ్లి తెచ్చేసుకోండి, మిగతాది తర్వాత చదువుదురు గాని.

మీరు చెప్పిన లక్షణం పాత స్టీల్ తీగల గిటార్లలో దాదాపు ప్రతిదానికీ ఏదో ఒకరోజు వచ్చేదే. మామూలు లైట్ సెట్, అంటే 12 నుంచి 53 సైజు తీగలు, శృతి చేసి ఉంచితే అన్నీ కలిపి 70 కిలోలకి పైనే లాగుతుంటాయి, అదీ రాత్రీ పగలూ, ఏళ్ల తరబడి. ఆ లాగుడుకి నెక్ ఒక్కటే వంగిపోతుందని చాలామంది అనుకుంటారు గానీ ఎక్కువగా జరిగేది బాడీ ఆకారం మెల్లగా మారడం. బ్రిడ్జ్ (తీగల కొసలు బిగించే చెక్క) వెనక టాప్, అంటే బాడీ ముందు పలక, కాస్త ఉబ్బుతుంది, సౌండ్ హోల్ వైపు కాస్త కిందికి దిగుతుంది, నెక్ బాడీలో కలిసే చోట కోణం పిసరంత మారుతుంది. ఆ పిసరు చాలు, తీగలు పైకి లేచిపోవడానికి. గిటార్ పాడైపోయినట్టు కాదు, దాని వయసుకి వచ్చేదే వచ్చింది.

ఇంట్లోనే చూసుకోవచ్చు. తీగలు పూర్తి శృతిలో పెట్టి, ముందు నెక్ వంపు చూడండి. లావు తీగని మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, నెక్ బాడీలో కలిసే ఫ్రెట్ దగ్గర ఇంకో చేత్తో నొక్కి పట్టి, మధ్యలో ఆరేడు ఫ్రెట్ల దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ సందు ఎంతుందో చూడాలి. పావు మిల్లీమీటర్ లోపు ఉంటే బానే ఉన్నట్టు, అంతకంటే బాగా ఎక్కువుంటే నెక్కే వంగింది, ట్రస్ రాడ్ (నెక్ లోపల వంపు సరిచేసే లోహపు కడ్డీ) ఉన్న గిటార్ అయితే దాన్ని తిప్పితే సగం సమస్య అక్కడే తీరొచ్చు. ఇది బానే ఉంటే రెండోది, పొడుగాటి స్టీల్ స్కేల్ ఒకటి ఫ్రెట్ల మీద మధ్యగా ఆనించి బ్రిడ్జ్ వైపు జరపండి. దాని కొస బ్రిడ్జ్ చెక్క పై అంచుకి రాసుకుంటూ వెళ్తే నెక్ కోణం సరిగ్గా ఉన్నట్టు. చెక్క ముందు గోడకి, సగం ఎత్తులో, గుద్దుకుని ఆగిపోతే మీ గిటార్ అడుగుతున్నది నెక్ రీసెట్, అంటే నెక్ ఊడదీసి, కోణం సరిచేసి మళ్లీ అతికించడం.

ఇక్కడ మీ రిపేర్ అతను చెప్పిన దారికీ రీసెట్‌కీ తేడా చూడండి. యాక్షన్, అంటే ఫ్రెట్ల మీద తీగల ఎత్తు, తగ్గించడానికి అందరూ ముందు చేసేది సాడిల్ అరగదీయడం. సాడిల్ అంటే బ్రిడ్జ్ గాడిలో కూర్చునే ఎముక ముక్క, దాన్ని మార్చుకోవచ్చు కాబట్టి అందులో తప్పేం లేదు. కాకపోతే 12వ ఫ్రెట్ దగ్గర 1 మిల్లీమీటర్ తగ్గాలంటే సాడిల్ 2 మిల్లీమీటర్లు తగ్గాలి, ఎందుకంటే ఆ ఫ్రెట్ తీగకి సరిగ్గా మధ్యలో ఉంటుంది. రెండుమూడు సార్లు తీశాక సాడిల్ ఇంక మిగలదు. అప్పుడు కొందరు బ్రిడ్జ్ చెక్క మీద పడతారు. తలుపు కుంగి గడపకి తగులుతుంటే బందులు సరిచేయకుండా గడప చెక్కేసినట్టు అన్నమాట. పాత మార్టిన్ (అమెరికన్ కంపెనీ) గిటార్లలో బ్రిడ్జ్ మందం 8-9 మిల్లీమీటర్లు ఉంటుంది, దాన్ని ఐదారుకి దించేశారంటే తీగ సాడిల్ మీద నుంచి పిన్ రంధ్రంలోకి వంగి దిగే కోణం పోతుంది, సౌండ్ పల్చబడుతుంది, కొన్నాళ్లకి పిన్ రంధ్రాల వెంబడి చెక్క చీలుతుంది. ఇంతా చేసి నెక్ కోణం ఎక్కడున్నది అక్కడే ఉంటుంది! ఎప్పటికైనా రీసెట్ చేయించాలి, దాంతోపాటు కొత్త బ్రిడ్జ్ కూడా చేయించాలి.

రీసెట్ పేరు వింటే భయపడతారు గానీ, పాత కాలం వాళ్లు గిటార్ని విప్పడానికి వీలుగానే కట్టారు. నెక్ బాడీలోకి డవ్‌టైల్ జాయింట్‌తో, అంటే పావురం తోకలా విచ్చుకుని గాడిలో బిగిసే చెక్క జోడుతో, దిగుతుంది, అతికించింది హైడ్ గ్లూతో, అంటే జంతువుల చర్మం ఉడికించి తీసిన జిగురు. వేడీ తడీ రెండూ తగిలితే అది మెత్తబడుతుంది. పని చేసేవాళ్లు ముందు బాడీ మీదున్న ఫ్రెట్‌బోర్డ్ కొసని వేడి చేసి, సన్నటి కత్తి పోనిచ్చి విడదీస్తారు. తర్వాత 15వ ఫ్రెట్ పీకుతారు (14వ ఫ్రెట్ దగ్గర బాడీ మొదలయ్యే గిటార్లకి). ఆ గాడిలోంచి సన్నటి రంధ్రం చేస్తే అది నేరుగా డవ్‌టైల్ వెనకున్న ఖాళీలోకి దిగుతుంది. అందులోంచి సూది లాంటి గొట్టంతో ఆవిరి పంపిస్తే కాసేపటికి జిగురు వదిలి నెక్ పైకి వచ్చేస్తుంది. హీల్ (నెక్ బాడీకి ఆనే చోట ఉండే మడమ) కింది భాగంలో చెక్క పొరలు పొరలుగా ఉలితో తీసి కోణం సరిచేస్తారు, జాయింట్ వదులైన చోట పల్చటి చెక్క పేళ్లు అతికించి బిగువు తెస్తారు, మళ్లీ అదే రకం జిగురుతో కూర్చోబెడతారు, ఫ్రెట్ దాని గాడిలో తిరిగి కొట్టేస్తే ఆ రంధ్రం ఎవరికీ కనపడదు. బాగా చేస్తే రీసెట్ జరిగిందని కూడా తెలీదు.

ఎవరికి ఇవ్వాలో తేల్చుకోవడానికి ఒక్క ప్రశ్న అడగండి, "నెక్ ఊడదీశాక మళ్లీ ఏ జిగురు పెడతారు?" అని. ఎపాక్సీ అన్నా, హీల్‌లోంచి బోల్ట్ వేసి బిగిస్తా అన్నా, దండం పెట్టి గిటార్ తీసుకొచ్చేయండి. ఎపాక్సీ పోసిన డవ్‌టైల్‌ని తర్వాత వచ్చేవాడు తెరవాలంటే చెక్క పగలగొట్టాల్సిందే.

పాలిష్ విషయం కూడా చెప్పేస్తా. వద్దు. గీతలున్నా, లక్కర్ సన్నగా పగుళ్లిచ్చినా, మావయ్య మోచెయ్యి ఆనిన చోట రంగు పోయినా సరే వద్దు. పాత ఫినిష్ గీకడమంటే దాంతోపాటు టాప్ చెక్క కూడా కొంత పోవడం, పైన కొత్తగా కొట్టే పూత పాతదానికంటే మందం అవడం. సౌండ్ సంగతి అలా ఉంచినా, రీఫినిష్ చేసిన వింటేజ్ గిటార్‌కి ఒరిజినల్ ఫినిష్ ఉన్నదాంతో పోలిస్తే దాదాపు సగమే పలుకుతుందని ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లు మామూలుగా వేసే లెక్క. కొద్దిగా తడిపి గట్టిగా పిండిన మెత్తటి గుడ్డతో తుడిచి, వెంటనే పొడి గుడ్డతో తుడిచేయండి. చాలు.

ప్రశ్న: "హ్యాండ్‌మేడ్" అని రాసుంటే రేటు ఎక్కువ చెప్తున్నారు. ఫ్యాక్టరీ గిటార్ కంటే నిజంగా గొప్పదా, లేక మాటలేనా?

జవాబు: సగం మాటలే. 1930ల్లో మార్టిన్ ఫ్యాక్టరీలో కూడా బ్రేసులు, అంటే టాప్‌కి లోపలి నుంచి దన్నుగా అతికించే చెక్క పట్టీలు, ఉలితోనే చెక్కేవాళ్లు, నెక్ జాయింట్ ఒక్కోదాన్నీ చేత్తోనే సరిపెట్టేవాళ్లు. మరి అవి హ్యాండ్‌మేడ్ కాదా? యుద్ధకాలంలో, 1942 నుంచి 45 దాకా, అమెరికాలో కాలమజూ అనే ఊళ్లోని గిబ్సన్ ఫ్యాక్టరీలో పనివాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. తల మీద "ఓన్లీ ఎ గిబ్సన్ ఈజ్ గుడ్ ఇనఫ్" అని బ్యానర్ రాసుండే ఆ గిటార్ల కోసం ఇవాళ జనం ఎగబడుతున్నారు, అవి ఫ్యాక్టరీవే.

ఇంకో కొసన లార్సన్ బ్రదర్స్ ఉన్నారు. కార్ల్, ఆగస్ట్ అని ఇద్దరు అన్నదమ్ములు, స్వీడన్ నుంచి అమెరికా వచ్చి షికాగోలో చిన్న వర్క్‌షాప్‌లో చేసేవాళ్లు. మిగతావాళ్లు ఇంకా గట్ (జంతువుల పేగుతో చేసిన) తీగలకే గిటార్లు కడుతున్న రోజుల్లోనే వీళ్లు స్టీల్ తీగలు తట్టుకునేలా కట్టారు, రెండు మూడు చెక్కలు అతికించి చేసిన బ్రేసుకి 1904లో పేటెంట్ కూడా తీసుకున్నారు. తమాషా ఏంటంటే వాళ్ల గిటార్ల మీద లార్సన్ అన్న పేరు కనపడదు. మారర్, ప్రెయిరీ స్టేట్, స్టాల్, డయ్యర్, ఇలా వేరే పేర్లతో అమ్ముడుపోయేవి. అందుకే పైన ఉత్తరం రాసిన అతనికి కూడా చెప్తున్నా, తల మీద తెలిసిన పేరు లేనంత మాత్రాన గిటార్‌ని తక్కువ అంచనా వేసుకోవద్దు, అలాగని లాటరీ తగిలిందని కలలు కూడా కనొద్దు. ఆ చిరిగిన లేబుల్‌ని మాత్రం గోకకండి, అలా వదిలేసి ఫొటో తీసి పెట్టుకోండి.

1960ల చివరి నుంచి ఇంకో తరం వచ్చింది, ఒక్కొక్కరే కూర్చుని చేసేవాళ్లు. టొరంటోలో జాన్ లారివే, కాస్త తర్వాత ఉత్తర ఐర్లాండ్‌లో జార్జ్ లౌడెన్, ఇంగ్లండ్‌లో స్టెఫన్ సోబెల్, ఇలాంటివాళ్లు. వీళ్ల తొలి గిటార్లు కూడా ఇప్పుడు వింటేజ్ కిందే లెక్క. లేబుల్ మీద ఎవరి సంతకం ఉంది, ఆ మనిషి పని ఎలాంటిది అనేదానికి విలువ. "హ్యాండ్‌మేడ్" అని అచ్చు వేయించడానికి ఏముంది, ఎవరైనా వేయిస్తారు.

ప్రశ్న: నా దగ్గర చిన్న సైజు పాత గిటార్ ఉంది, అమ్మినతను 1900 ప్రాంతందని చెప్పాడు. స్టీల్ తీగలు వేయొచ్చా?

జవాబు: అతను చెప్పింది నిజమైతే వేయొద్దు. ఆ రోజుల్లో ఎక్కువ గిటార్లు గట్ తీగలకి కట్టినవే. మార్టిన్ కంపెనీయే స్టీల్ తీగల కోసమని 2-17 మోడల్‌ని 1922లో చేసింది, ఆ దశాబ్దంలో మెల్లగా మిగతావి కూడా మారాయి. నైలాన్ సెట్ మొత్తం లాగేది 40 కిలోల దగ్గర, స్టీల్ లైట్ సెట్ 70 పైన. పల్చటి బ్రేసులున్న టాప్ మీద ఆ బరువు వేస్తే బ్రిడ్జ్ లేస్తుంది, లేకపోతే టాప్ పొట్ట ఉబ్బుతుంది, అదృష్టం బాగోకపోతే రెండూ. ఎక్స్ బ్రేసింగ్ కనపడింది కదా అని కూడా ధైర్యం చేయకండి. మార్టిన్ వాళ్లు ఆ ఎక్స్ పద్ధతి 1840ల నుంచే వాడుతున్నారు, స్టీల్ రావడానికి ఎంతో ముందు. లోపలి బ్రేసులు తెలిసినవాళ్లు అద్దం పెట్టి చూసి సరే అనేదాకా నైలాన్ వేసి వాయించుకోండి.

ప్రశ్న: పాత మార్టిన్ ఒకటి అమ్మకానికి వచ్చింది సార్, 1933ది అంటున్నారు. నిజమో కాదో నా అంతట నేను తేల్చుకోవడానికి ఏమైనా దారి ఉందా?

జవాబు: మార్టిన్ కాబట్టి మీ పని సులువు, వేరే ఏదైనా అయితే ఇంత ధైర్యంగా చెప్పలేను. 1898 నుంచి వాళ్లు ప్రతి గిటార్‌కీ వరుసగా సీరియల్ నంబర్ వేస్తూ వచ్చారు, అప్పటిదాకా ఓ 8000 చేసుంటాం అని అంచనా వేసుకుని అక్కడి నుంచి మొదలెట్టారు. సౌండ్ హోల్‌లోంచి లైట్ వేసి నెక్ వైపు చూస్తే లోపలి దిమ్మ మీద ఆ నంబర్ గుద్ది ఉంటుంది, 1930 చివర్లో నుంచి మోడల్ పేరు కూడా దానిపైనే ఉంటుంది. ఏ ఏడాదికి ఏ నంబర్ అనేది కంపెనీ పట్టికలోనే ఉంది, సరిచూసుకోవచ్చు.

నంబర్‌తో ఆగిపోకండి. చిన్న అయస్కాంతం ఒకటి జేబులో వేసుకెళ్లి నెక్ వెనక మెల్లగా ఆనించి చూడండి. మార్టిన్ వాళ్లు నెక్ లోపల టీ ఆకారం స్టీల్ బార్ పెట్టడం మొదలుపెట్టింది 1934లో, అంతకు ముందు నల్ల ఎబొనీ పట్టీ ఉండేది. ఫ్రెట్లు కూడా అదే ఏడాది బార్ రకం నుంచి టీ రకానికి మారాయి. కాబట్టి 1933 అని చెప్పి అయస్కాంతం లాగుతోందంటే ఎక్కడో తిరకాసు ఉంది. అలాగని లాగకపోతే 1933 అని రుజువైపోయినట్టు కూడా కాదు, యుద్ధకాలంలో స్టీల్ దొరక్క మళ్లీ ఎబొనీకే వెళ్లారు. ట్యూనింగ్ కీల స్క్రూలు చూడండి. ప్లస్ గాడి స్క్రూలు వాడుకలోకి వచ్చింది 1930ల మధ్యలో, కాబట్టి అవి కనిపిస్తే ట్యూనర్లు మార్చినట్టే. అది పెద్ద నేరమేం కాదు, రేటు తగ్గించి అడగడానికి పనికొస్తుంది.

చీకటి గదిలో అల్ట్రావయలెట్ టార్చ్ కూడా వేసి చూడండి. పాత నైట్రో లక్కర్ ఆ వెలుగులో పచ్చగా, కాస్త పసుపు కలిసినట్టు మెరుస్తుంది. తర్వాత ఎక్కడైనా టచప్ చేస్తే ఆ చోటు వేరే రంగులో మచ్చలా కనపడిపోతుంది, విరిగి అతికించిన తలకాయలు ఎక్కువగా దొరికిపోయేది ఇక్కడే. అమ్మేవాడు "టార్చ్ ఎందుకండీ, నా మీద నమ్మకం లేదా" అంటే మాత్రం ఇంక మీ ఇష్టం.

బ్రిడ్జ్ మందం కొలవడం, స్కేల్ పెట్టి నెక్ కోణం చూడటం మర్చిపోకండి. రీసెట్ అవసరం ఉంటే ఆ ఖర్చు రేటులోంచి తగ్గించమని అడగండి, ఇది మొహమాటపడే విషయం కాదు.

ప్రశ్న: నల్లటి పిక్‌గార్డ్ పక్కనే, బ్రిడ్జ్ నుంచి సౌండ్ హోల్ వైపు టాప్ చీలింది. నేనెక్కడా కొట్టలేదు, పడేయలేదు.

జవాబు: మీ తప్పు కాదు. పాత మార్టిన్లలో సెల్యులాయిడ్ లాంటి ప్లాస్టిక్ పిక్‌గార్డ్‌ని పచ్చి చెక్క మీదే అతికించి, దాని మీద నుంచి లక్కర్ కొట్టేవాళ్లు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ ప్లాస్టిక్ కుంచించుకుపోతూ తనతోపాటు చెక్కని లాగుతుంది, టాప్‌కి వాడే స్ప్రూస్ చెక్క ఆ గీత వెంబడి చీలుతుంది. చాలా మామూలు జబ్బు ఇది. పిక్‌గార్డ్ తీయించి, చీలికలో హైడ్ గ్లూ పోనిచ్చి, లోపలి నుంచి చిన్న చెక్క బిళ్లలు అడ్డంగా అతికిస్తారు. మీరు సొంతంగా ఫెవిక్విక్ మాత్రం పెట్టకండి, ప్లీజ్.

ప్రశ్న: నాకు ఒక పెద్దాయన చెప్పారు, బ్రెజిలియన్ రోజ్‌వుడ్ లేకపోతే అసలు అది గిటారే కాదని. నా దాంట్లో వెనకా పక్కలా మహాగనీ. నిజంగా అంత తేడా ఉంటుందా? చెక్క పాతబడితే సౌండ్ బాగుపడుతుందనేది కూడా నిజమేనా?

జవాబు: పెద్దాయన మీద గౌరవంతోనే చెప్తున్నా, మొదటిదాన్ని పట్టించుకోకండి. ఇంగ్లండ్‌లో కొందరు పరిశోధకులు దీన్ని పరీక్షించి 2018లో ప్రచురించారు. ఫైల్డ్ గిటార్స్ రోజర్ బక్నల్ చేత ఆరు గిటార్లు చేయించారు, అన్నీ ఒకటే డిజైన్, వెనకా పక్కలా చెక్క ఒక్కటే తేడా. బ్రెజిలియన్ రోజ్‌వుడ్, ఇండియన్ రోజ్‌వుడ్, మహాగనీ, మేపుల్, సపేలీ, వాల్‌నట్. 52 మంది గిటారిస్టులకి చెక్క కనపడకుండా చేసి వాయించమంటే, మార్కులన్నీ దాదాపు ఒకేలా వచ్చాయి. ఖరీదైన చెక్క ఏదో, చవకది ఏదో సౌండ్‌ని బట్టి తేలలేదు.

అయితే ఇంకోటి గమనించండి, ఆ ఆరింటికీ టాప్ ఒకే రకం. పని చేసేది అదే. టాప్ చెక్క ఎంత తేలికగా ఎంత గట్టిగా ఉంది, బ్రేసులు ఎలా చెక్కారు అన్నదాన్ని బట్టే గొంతు వస్తుంది. యుద్ధానికి ముందు మార్టిన్లకి అంత పేరు రావడానికి వెనక చెక్క ఒక్కటే కారణం కాదు, టాప్‌కి అడిరాండాక్ స్ప్రూస్ వాడటం, 1944 చివరి దాకా బ్రేసుల్ని మధ్యలో లోతుగా తొలిచి తేలిక చేయడం, ఇవి పెద్ద కారణాలు. ఆ తర్వాత లావు తీగలు వేసేవాళ్లు ఎక్కువై రిపేర్లకి వస్తున్నాయని బ్రేసులు బరువుగా ఉంచేశారు. ఇక బ్రెజిలియన్ రోజ్‌వుడ్‌ని మార్టిన్ వాళ్లు 1969లో మామూలు మోడళ్లలో మానేసి ఇండియన్ రోజ్‌వుడ్‌కి, అంటే మన జిట్రేగికి మారారు, దొరక్కపోవడమే కారణం గానీ సౌండ్ కోసం కాదు.

పాతబడటం గురించి మాత్రం కొంత నిజముంది. ఏళ్లు గడిచేకొద్దీ చెక్కలోని హెమీసెల్యులోజ్ తగ్గుతూ వస్తుంది, చెక్క గాల్లో తేమ పీల్చుకోవడం తగ్గుతుంది, బరువు కాస్త తగ్గినా గట్టితనం పోదు. అందుకే కొత్త గిటార్లకి టాప్‌ని ఆక్సిజన్ లేకుండా వేడిలో పెట్టి ముందే ముసలిదాన్ని చేస్తున్నారు ఇప్పుడు. కానీ చెత్తగా కట్టిన గిటార్ ఎనభై ఏళ్లయినా చెత్తే. ఇంకో మాట, అప్పట్లో బాగా లేనివి చాలావరకు ఎప్పుడో పొయ్యిలోకి పోయుంటాయి, మిగిలినవి మంచివి, అందుకే పాతవన్నీ బావుంటాయని మనకి అనిపిస్తుంది.

ప్రశ్న: 1960ల నాటి రోజ్‌వుడ్ గిటార్ తీసుకుని వేరే దేశం వెళ్లాలి. ఎయిర్‌పోర్ట్‌లో పట్టుకుంటారా?

జవాబు: రోజ్‌వుడ్ ఏదో ముందు తేల్చుకోండి. బ్రెజిలియన్ అయితే అది 1992 నుంచి సైటీస్ (అంతరించిపోయే జాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) మొదటి జాబితాలో ఉంది, అంటే అన్నిటికంటే కఠినమైనది, గిటార్ ఎంత పాతదైనా సరిహద్దు దాటాలంటే కాగితాలు ఉండాల్సిందే. సొంత వాయిద్యంతో తిరిగేవాళ్లకి మ్యూజికల్ ఇన్‌స్ట్రుమెంట్ సర్టిఫికెట్ అని ఒకటి ఇస్తారు, మీ దేశంలో సైటీస్ చూసే ఆఫీసులో ముందుగానే అప్లై చేయండి, టికెట్ కొన్నాక కాదు. ఇండియన్ రోజ్‌వుడ్ అయితే 2017లో రెండో జాబితాలో పెట్టి అందరినీ ఇబ్బంది పెట్టారు గానీ 2019 నవంబర్ నుంచి తయారైన వాయిద్యాలకి మినహాయింపు ఇచ్చారు. నట్ (తల దగ్గర తీగలు ఆనే ముక్క), సాడిల్ ఏనుగు దంతంవి అయితే దానికి వేరే గొడవ ఉంది, ఎముకవైతే ఏం లేదు. తాబేలు చిప్పలా కనిపించే పిక్‌గార్డ్ చూసి భయపడకండి, దాదాపు అన్నీ ప్లాస్టిక్కే.

ప్రశ్న: పాత గిటార్‌కి పికప్ పెట్టించుకుని స్టేజ్ మీద వాయించాలని ఉంది.

జవాబు: వాయించండి, రంధ్రం మాత్రం పెట్టించకండి. చాలా పికప్‌లకి (గిటార్ సౌండ్‌ని యాంప్లిఫయర్‌కి పంపే పరికరాలు) వెనక స్ట్రాప్ బొడిపె రంధ్రాన్ని 12 మిల్లీమీటర్లకి పెద్దది చేస్తారు, అది మళ్లీ చిన్నది కాదు. సౌండ్ హోల్‌కి బిగించి తీసేసే రకం దొరుకుతుంది, లేదంటే ముందు మంచి మైక్ పెట్టుకోండి.

ప్రశ్న: వాయించనప్పుడు తీగలు వదులు చేసి పెట్టాలా? గోడకి తగిలించొచ్చా? వానాకాలంలో యాక్షన్ పెరుగుతోంది, ఎండాకాలంలో తగ్గుతోంది, పిచ్చెక్కుతోంది.

జవాబు: రోజూ వాయిస్తుంటే శృతిలోనే ఉంచండి. నెలలు ముట్టుకోనని తెలిస్తే ఒక స్వరం కిందికి దించితే చాలు, పూర్తిగా వదిలేయక్కర్లేదు.

యాక్షన్ అలా పెరగడం తగ్గడం తేమ వల్లే. గాల్లో తేమ ఎక్కువైతే టాప్ ఉబ్బి బ్రిడ్జ్‌ని పైకెత్తుతుంది, తగ్గితే చెక్క అడ్డంగా కుంచించుకుపోతుంది. పాత గిటార్‌కి 45 నుంచి 55 శాతం మధ్య తేమ ఉంటే హాయి. చిన్న హైగ్రోమీటర్ కొని కేస్‌లో పడేయండి, ఆ అంకె చూడకుండా ఎంత చెప్పుకున్నా ఊహే. మీటర్ లేకపోయినా పొడితనం పట్టుకునే దారి ఒకటుంది, నెక్ అంచు వెంబడి వేలు జార్చి చూడండి, ఫ్రెట్ల కొసలు రంపపు పళ్లలా గీసుకుంటుంటే ఫ్రెట్‌బోర్డ్ కుంచించుకుపోయినట్టే, ఇంకొంచెం ఆలస్యం చేస్తే టాప్ చీలే వంతు. అప్పుడు తేమ ప్యాకెట్ వేసి కేస్ మూసి ఉంచండి. గోడకి తగిలించడం కొత్తవాటికి ఓకే, పాతవాటికి కేసే ఇల్లు. స్టాండ్ మీద పెట్టేవాళ్లయితే దాని రబ్బరు చూసుకోండి, కొన్ని రకాల రబ్బరూ వినైల్ స్ట్రాపులూ నైట్రో లక్కర్‌తో రియాక్ట్ అయి జిగటగా మచ్చ చేసేస్తాయి.

ఎండలో ఆపిన కారులో మాత్రం ఎప్పుడూ వదలకండి. పైన నెక్ విడదీయడానికి వేడి వాడతారన్నానుగా, ఎండ కూడా అదే పని చేస్తుంది, అడక్కుండా. ముందు లేచేది బ్రిడ్జ్. దాని వెనక అంచు కింద కాగితం ముక్క దూరుతోందేమో అప్పుడప్పుడు చూస్తుండండి. దూరితే తీగలు దించేసి రిపేర్‌కి ఇవ్వాలి, ఆ స్థితిలో వాయిస్తూ పోతే బ్రిడ్జ్ తనతోపాటు టాప్ చెక్క పెచ్చులు కూడా లేపుకుని వస్తుంది.

ప్రశ్న: తీగ బిగిస్తుంటే బ్రిడ్జ్ పిన్ ఎగిరి పైకి వచ్చేస్తోంది. సుత్తితో మెల్లగా కొట్టనా?

జవాబు: సుత్తి లోపల పెట్టేయండి. తీగని పట్టి ఉంచేది పిన్ కాదు, తీగ చివరున్న చిన్న బంతి బ్రిడ్జ్ కింద లోపలున్న చెక్క పలకకి ఆనుకుని ఆగాలి. మీ దాంట్లో ఆ బంతి పిన్ కొస కింద ఇరుక్కుంటోంది, అందుకే లాగినప్పుడల్లా పిన్‌ని తోసేస్తోంది. బంతికి ఓ సెంటీమీటర్ పైన తీగని కాస్త వంచి, బంతి నెక్ వైపు తిరిగేలా రంధ్రంలో దించండి, పిన్‌ని బొటనవేలితో వదులుగా ఆపి, రెండో చేత్తో తీగని మెల్లగా పైకి లాగండి. బంతి పలకకి తగిలి ఆగినట్టు చేతికి తెలుస్తుంది, అప్పుడు పిన్ నొక్కండి. అలా చేసినా ఆగకపోతే ఆ పలకే అరిగి రంధ్రాలు పెద్దవయ్యాయేమో ఫోన్ కెమెరా సౌండ్ హోల్‌లో పెట్టి ఫొటో తీసి చూడండి. అరిగిన చోట చిన్న మేపుల్ బిళ్లలు పెట్టి రంధ్రాలు మళ్లీ వేస్తారు, పలక మొత్తం మార్చాలని ఎవరైనా అంటే ఇంకొకరికి కూడా చూపించండి, ఎందుకంటే పాత పలక ఊడదీసేటప్పుడు టాప్ లోపలి పీచు దానికి అంటుకుని వచ్చేస్తుంది.